ముందు రూపాయి బిళ్లంత చినుకులు, ఆనక సన్న జల్లు: ఒకే మబ్బులో ఈ తేడా ఎందుకు?

#1 పెన్నా_గట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. ఎండాకాలం సాయంత్రం పడమట లేచే ఉరుముల మబ్బుల గురించి అడుగుతున్నా, ముసురు గురించి కాదు. చినుకుల సైజు కొలవడానికి కాలేజీ మేడ మీద మైదా పిండి ట్రేలు (పడ్డ చినుకు పిండిలో ఉండ కడుతుంది), పక్కన 0.2 మి.మీ. టిప్పింగ్ బకెట్ వానమాపకం (అంత వాన నిండినప్పుడల్లా చిన్న బకెట్ తిరగబడి ఒకటి లెక్కపెడుతుంది) పెట్టాం. ప్రతిసారీ వరస ఒకటే. ఈదురుగాలి తగిలిన రెండు మూడు నిమిషాలకు టప్‌టప్‌మని పెద్ద చినుకులు ఎడం ఎడంగా పడతాయి. తర్వాత అన్ని సైజులూ కలగలిసి దంచుడు. చివరి అరగంట సన్న జల్లు. చిక్కేందంటే, ఆ మొదటి నిమిషాల్లో రాడార్ బొమ్మ మా మీద 40 డీబీజెడ్ (వాన నుంచి రాడార్‌కు తిరిగొచ్చే తరంగాల బలానికి కొలత) దాకా చూపిస్తుంది, బకెట్ మాత్రం ఒక్కసారి కూడా తిరగబడదు.

ఈ వరసకు కారణం ఏంది? రాడార్, బకెట్ రెండిట్లో దేన్ని నమ్మాలి? ట్రే ఎప్పుడు తెరవాలి, ఎంతసేపు తెరవాలి? తెలిసినవాళ్లు అంకెలతో చెప్పండి.

#2 ఒంగోలు_గిత్త

పెద్దది వేగంగా పడుతుంది, అంతే గదా అన్నా. నిశ్చలమైన గాలిలో చినుకుల వేగాలు 1949లో గన్, కిన్జర్ కొలిచి పెట్టారు, అందరం వాడేది అవే. 0.5 మి.మీ. చినుకు సెకనుకు 2 మీటర్లు, 1 మి.మీ.ది 4, 2 మి.మీ.ది 6.5, 3 మి.మీ.ది 8, 5 మి.మీ.ది 9 పైచిలుకు. 3 కి.మీ. ఎత్తు నుంచి అన్నీ ఒకేసారి బయల్దేరాయనుకో. 5 మి.మీ.ది ఐదున్నర నిమిషాల్లో నేలకొస్తుంది, 2 మి.మీ.ది 7 నిమిషాల 40 సెకన్లకు, 1 మి.మీ.ది పన్నెండున్నరకు. అర మి.మీ.ది 25 నిమిషాలు తీసుకుంటుంది, అదీ దారిలో ఆవిరైపోకపోతే. నీ వరస అదే.

#3 నింబస్79

గిత్త తమ్ముడు చెప్పింది తప్పు కాదు, కాకపోతే సగమే. ఆ లెక్క "అన్నీ ఒకేసారి బయల్దేరితే" అన్న షరతు మీద నిలబడింది. మబ్బు ఒక బిందె నీళ్లు ఒలకబోసి ఊరుకోదు, ఇరవై ముప్పై నిమిషాలు పోస్తూనే ఉంటుంది. పోత ఆగకుండా ఉంటే మొదటి ఏడెనిమిది నిమిషాలు మాత్రమే పెద్దవి విడిగా కనిపిస్తాయి. చిన్నవి కూడా అందుకున్నాక నేల మీద అన్ని సైజులూ ఉంటాయి. కాబట్టి వేగం తేడా మొదటి అంచును వివరిస్తుంది, చివరి అరగంట సన్న జల్లును వివరించదు. దానికి వేరే కారణాలున్నాయి.

మొదటి అంచులోనైనా మూడు పనులు ఒకేసారి జరుగుతుంటాయి.

ఒకటి, పైకెగసే గాలి. మబ్బు ముందు భాగంలో గాలి పైకి తోస్తుంటుంది. అది సెకనుకు 8 మీటర్లుంటే 3 మి.మీ. లోపు చినుకు ఏదీ కిందికి దిగలేదు. తేలుతూనో, ఇంకా పైకి పోతూనో, మిగతా బిందువులను కలుపుకుంటూ పెరుగుతుంది. ఆ గాలిని దాటి రాగలిగింది పెద్దదే. అంటే ఇక్కడ గాలే జల్లెడ పట్టి పంపుతోంది. వేగంగా పరిగెత్తి ముందొచ్చిన చినుకు వేరు, జల్లెడ దాటి వచ్చిన చినుకు వేరు.

రెండు, పక్కగాలి. పైన గాలి ఒక వైపు, కింద ఒక వైపు ఉంటే చిన్నవి ఎక్కువసేపు గాలిలో ఉంటాయి కాబట్టి ఎక్కువ దూరం కొట్టుకుపోతాయి. మబ్బుతో పోల్చి సెకనుకు 10 మీటర్ల పక్కగాలి ఉందనుకోండి. పై లెక్కలోనే 5 మి.మీ. చినుకు 3.3 కి.మీ. పక్కకు పడుతుంది, 1 మి.మీ.ది 7.5 కి.మీ. పోత ఎంతసేపు సాగినా ఈ విడదీత పోదు. మబ్బు కదిలిపోతుంటే మీ మేడ మీద అది కాలంలో తేడాగా కనిపిస్తుంది.

మూడు, ఆవిరి. మే నెలలో మబ్బు అడుగు ఎత్తుగా ఉంటుంది, దాని కింద పడమటి పొడిగాలి. అర మి.మీ. చినుకులు అక్కడే హరించుకుపోతాయి. మొదటి పది నిమిషాలు వాన కురిసి ఆ గాలి చల్లబడి తడిశాక, తర్వాతి చిన్నవాటికి నేల దాకా దారి దొరుకుతుంది.

ఇక వడగళ్లు, గ్రాపెల్ (మెత్తటి చిన్న మంచు ఉండలు) సంగతి. మన అక్షాంశంలో సున్నా డిగ్రీల మట్టం సుమారు 4.5 నుంచి 5 కి.మీ. ఎత్తులో ఉంటుంది. చిన్న వడగళ్లు ఆ కింద కరిగి ఒక్కోటి ఒక్కో పెద్ద చినుకు అవుతుంది. మరీ పెద్దవైతే కరిగేటప్పుడు నీళ్లను చుట్టూ విదిలించుకుంటూ వస్తాయి. రూపాయి బిళ్లంత మచ్చ పడే చినుకుల్లో చాలావరకు పుట్టుక మంచుదే.

#4 లెక్కల_మాస్టారు (కందుకూరు)

బకెట్‌కీ రాడార్‌కీ తగువు ఎక్కడొచ్చిందో ఒకే ఒక్క చినుకుతో చూపిస్తా.

రాడార్ ప్రతిఫలనం వ్యాసం ఆరో ఘాతం మీద నడుస్తుంది, నీటి పరిమాణం మూడో ఘాతం మీద. 5 మి.మీ. చినుకు ఒకటి 1 మి.మీ. చినుకులు 125 మోసినంత నీరు మోస్తుంది. రాడార్ కంటికి మాత్రం 15,625 చినుకులంత మెరుస్తుంది.

ఇప్పుడు 54 చదరపు సెం.మీ. స్థలం తీసుకోండి. లేజర్ చినుకుమాపకం చూసే మేర అంతే, సుమారు అరచేయంత. ఒక నిమిషంలో అందులో ఒకే ఒక్క 5 మి.మీ. చినుకు పడింది, ఇంకేమీ పడలేదు. దాని బరువు 65 మిల్లీగ్రాములు. ఆ స్థలం మీద పరిస్తే 0.012 మి.మీ., అంటే గంటకు 0.73 మి.మీ. వాన. లెక్కలోకి కూడా రాని తుంపర. అదే చినుకు నుంచి ప్రతిఫలనం కడితే సుమారు 5,300 యూనిట్లు, అంటే 37 డీబీజెడ్! మార్షల్, పామర్ 1948 నాటి బాటలో వచ్చిన మామూలు సూత్రం (జెడ్, అంటే ప్రతిఫలనం = 200 × వాన రేటు 1.6 ఘాతం) ఈ 37ను గంటకు 8 మి.మీ. వాన అంటుంది. ఉన్నదానికి పదింతలు.

బకెట్ వైపు నుంచి చూడండి. 20 సెం.మీ. గరాటుకు 0.2 మి.మీ. అంటే 6.3 మిల్లీలీటర్లు. 5 మి.మీ. చినుకులు 96 పడితేగానీ ఒక్క టిప్పు రాదు. కాబట్టి ఆ నిమిషాల్లో రాడారూ అబద్ధం చెప్పలేదు, బకెట్టూ చెప్పలేదు. మధ్యలో ఉన్న సూత్రమే ఆ వానకు సరిపోలేదు.

#5 ఉదయగిరి_బోడు

మాస్టారూ, ఒక్క చినుకుకు ఇంత కథ ఉందా! సరే, నాదొక సందేహం. వాన ఎంత గట్టిగా పడితే చినుకు అంత పెద్దదవుతుందని చదివా. మరి పెన్నా_గట్టు అన్న చెప్పినదాంట్లో దంచుడు వాన కంటే ముందు పడ్డవే పెద్దవి గదా. ఏది నిజం?

#6 నింబస్79

సగటున నిజం, ఒక మబ్బు లోపల నిజం కాదు. మార్షల్–పామర్ లెక్క ప్రకారం గంటకు 10 మి.మీ. వానలో మధ్యస్థ వ్యాసం (ఆ వ్యాసానికి ఇటు సగం నీరు, అటు సగం నీరు) 1.45 మి.మీ. వస్తుంది. 50 మి.మీ. వానలో 2.0, 100లో 2.35. వాన పది రెట్లు పెరిగితే చినుకు ఒకటిన్నర రెట్లే పెరిగింది, గమనించండి. మిగతా పెరుగుదల అంతా సంఖ్యలోనే.

నిజం వానలో ఇంకా ముందే ఆగిపోతుంది. చినుకులు దట్టమయ్యేకొద్దీ ఒకదాన్నొకటి గుద్దుకోవడం ఎక్కువవుతుంది. గుద్దుకున్నప్పుడు కొన్ని కలిసిపోతాయి, కొన్ని మధ్యలో సన్నటి నీటి తీగ సాగి తెగి చిన్నచిన్న ముక్కలవుతాయి, కొన్ని రేకులా పరుచుకుని చెదిరిపోతాయి. కలిసేవీ చెదిరేవీ సరితూగాక ఇక వాన పెరిగినా సైజు కదలదు, లెక్కే పెరుగుతుంది. అందుకే దంచుడు మధ్యలో 5 మి.మీ. పైవి ఉన్నా, గుంపులో వాటి వాటా తక్కువ.

పెద్ద చినుకు తనంతట తానే ఉబ్బి పగలడం కూడా ఉంది కానీ మరీ పెద్దవాటికే. అంత సైజుకు పెరగకముందే చాలావాటిని పక్క చినుకులే పగలగొడతాయి. పుస్తకాల్లో వేసే కన్నీటి బొట్టు బొమ్మను ఈ సందర్భంగా మరిచిపోండి. 1 మి.మీ. లోపు చినుకు గుండ్రం. 5 మి.మీ.ది అడుగు చదునైన బన్నులా ఉంటుంది, ఎత్తు వెడల్పులో సుమారు 0.7 వంతు. రెండు ధ్రువణాల రాడార్లు (అడ్డంగానూ నిలువుగానూ ఊగే తరంగాలు పంపేవి) పెద్ద చినుకును కనిపెట్టేది ఆ చదును చూసే.

ఇక మొదటి పోస్టులోని చివరి అరగంట. దంచుడు అయ్యాక మబ్బు పై భాగం పలచగా పరుచుకుని కురిసేది వేరే తరహా వాన. అక్కడ పైకెగసే గాలి బలహీనం. మంచు రేకులు నెమ్మదిగా దిగి, సున్నా డిగ్రీల మట్టం దగ్గర కరిగి చినుకులవుతాయి. ఇక్కడో మెలిక ఉంది, చాలామంది తప్పు చదువుతారు. ఆ తోక వానలో చినుకులు చిన్నవిగా అనిపించేది వాన రేటే తక్కువ కాబట్టి. ఒకే రేటు దగ్గర, ఉదాహరణకు గంటకు 5 మి.మీ. దగ్గర, పోల్చండి. తోక వానలో చినుకులు పెద్దవి, సంఖ్య తక్కువ. ఉరుముల భాగం అంచులో అదే 5 మి.మీ. కురిస్తే చిన్నవి, సంఖ్య ఎక్కువ. మొదటి అంచు మాత్రం ఈ లెక్కకు రాదు, అది జల్లెడ పట్టిన వాన. కాబట్టి మీ ట్రేలను వాన రేటు చూసి కాకుండా, మబ్బులో ఏ భాగం మీ మీద ఉందో చూసి విడగొట్టండి.

#7 దాసు_డిస్‌డ్రో

పిండి ట్రేల దగ్గరికి తర్వాత వస్తా. ఎవరన్నా లేజర్ పరికరం పెడితే ఈ జాగ్రత్తలు తప్పవు.

కిరణం పట్టీ 18 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. వెడల్పు. రెండు చినుకులు ఒకేసారి దూరితే ఒక పెద్ద చినుకుగా చదువుతుంది. దంచుడులో ఇది మామూలే. పట్టీ అంచు మీద పడ్డది సగమే కనిపించి, చిన్నదిగా, మరీ వేగంగా నమోదవుతుంది. పరికరం తలల మీద పడి చిట్లిన తుంపర కూడా చినుకులుగా లెక్కకొస్తుంది. వీటిని పట్టుకోవడానికి ఒకటే మార్గం: వ్యాసం, వేగం పక్కపక్కన పెట్టి, గన్–కిన్జర్ వేగానికి 50 శాతం అటూఇటూ దాటినవాటిని తీసేయడం. అయితే ఈదురుగాలి నిమిషాల్లో నిజమైన చినుకులే ఏటవాలుగా వచ్చి ఈ వలలో పోతాయి. అందుకని ఎన్ని తీసేశారో నిమిషంవారీగా రాసిపెట్టుకోండి. నిమిషానికి 10 చినుకుల లోపు ఉంటే ఆ నిమిషాన్ని సగటుల్లో కలపొద్దు, మాస్టారు చూపించిన ఒంటి చినుకు తంటా అదే.

పొడవు వైపు గాలికి అడ్డంగా ఉండేలా బిగించండి. కోస్తాలో ఇంకో బెడద, ఉప్పు. కావలి, అల్లూరు వైపు సముద్రగాలికి అద్దం మీద పొర కట్టి కిరణం బలం తగ్గుతుంది. మెత్తటి గుడ్డతో తుడవడం వారానికోసారి పెట్టుకోండి. సాలెగూడు కట్టిందంటే ఎండలో కూడా వాన పడుతూనే ఉంటుంది.

దెబ్బను కొలిచే పాత తరహా జాస్–వాల్డ్‌ఫోగెల్ పరికరానిది ఇంకో జబ్బు. పెద్ద చినుకు కొట్టాక తేరుకునేలోపు పడ్డ చిన్నవాటిని అది వినదు. కాబట్టి దంచుడులో అది చిన్నవి తగ్గాయంటే వెంటనే నమ్మకండి.

#8 కావలి_ల్యాబ్

పిండి ట్రే పద్ధతి తీసిపారేసేది కాదు. మంచు రేకుల ఫొటోలతో పేరుపడ్డ విల్సన్ బెంట్లీ 1904లోనే ఈ పని చేశాడు. 1943లో లాస్, పార్సన్స్ దాన్ని పద్ధతిగా స్థిరపరిచారు. వివరాలు రాస్తున్నా.

కొత్త మైదా, సన్న జల్లెడలో రెండుసార్లు జల్లించింది. 25 సెం.మీ. చదరం ట్రేలో రెండున్నర సెం.మీ. మందాన పోసి, స్కేలుతో పైన గీసి చదును చేయాలి, నొక్కకూడదు. నొక్కితే చినుకు చిట్లి పక్కన పిల్ల ఉండలు కడతాయి. మూత తప్పనిసరి.

తెరిచే సమయం వానను బట్టి. గంటకు 50 మి.మీ. వానలో ఆ ట్రే మీద సెకనుకు 0.87 గ్రాముల నీరు పడుతుంది. అన్నీ 2 మి.మీ. చినుకులే అనుకున్నా (ఒక్కోటి 4.2 మిల్లీగ్రాములు) సెకనుకు 200 చినుకులు. 2 సెకన్లకు మించి తెరిస్తే ఒకదాని మీద ఒకటి పడి జంట ఉండలవుతాయి. గంటకు 10 మి.మీ. వానలో 8 నుంచి 10 సెకన్లు తెరవొచ్చు. మొదటి పెద్ద చినుకుల వేళ 20 సెకన్లు తెరిచినా పర్లేదు, అవి అంత ఎడంగా పడతాయి.

తర్వాత మూతేసి నీడలో 24 గంటలు కదపకుండా ఉంచాలి. ఆ తర్వాత 105–110 డిగ్రీల ఓవెన్‌లో 2 గంటలు. గట్టిపడ్డ ఉండలను జల్లెడ పట్టాలి. సివిల్ ల్యాబ్‌లో ఇసుకకు వాడే 4.75, 3.35, 2.36, 1.18, 0.85 మి.మీ. జల్లెడలు సరిపోతాయి. ప్రతి జల్లెడ మీద నిలిచినవాటిని లెక్కపెట్టి, తూచి, సగటు ఉండ బరువు కట్టండి.

ఇప్పుడు అందరూ వదిలేసే మెట్టు. ఉండ బరువు, చినుకు బరువు ఒకటి కాదు. రెండిటి నిష్పత్తి పిండిని బట్టి, సైజును బట్టి మారుతుంది. సిరంజి సూది నుంచి 100 చుక్కలు కప్పులోకి వదిలి తూచండి. 1 గ్రాము తూగితే ఒక్కో చుక్క 10 మిల్లీగ్రాములు, వ్యాసం 2.67 మి.మీ. అదే సూదితో ట్రే మీద 100 చుక్కలు వదిలి, ఎండబెట్టి, ఉండలు తూచండి. లావు, సన్నం సూదులు మూడు నాలుగైనా మార్చి ఈ పట్టిక కట్టుకోవాలి. చుక్కలు వదిలేది బల్ల ఎత్తు నుంచి కాదు. మెట్ల మధ్య ఖాళీలోంచి మూడో అంతస్తు నుంచి వదిలితే గాలి తగలదు, చుక్క కూడా పూర్తి వేగానికి దగ్గరగా వస్తుంది.

తెరవని ట్రే ఒకటి ప్రతిసారీ పక్కన ఉంచి, దాన్ని కూడా ఆరబెట్టి జల్లించండి. సముద్రగాలి చెమ్మకు పిండి తనంతట తానే కట్టిన గడ్డలెన్నో దాంట్లో తెలుస్తాయి. ఆ సంఖ్య తీసేయకపోతే 1 మి.మీ. చినుకులు లేనివి పుట్టుకొస్తాయి. ఎలాగూ 1 మి.మీ. లోపు ఈ పద్ధతి నమ్మదగింది కాదు. చిన్నవాటికి వాట్‌మన్ 1 నంబరు ఫిల్టర్ కాగితం మీద మిథిలీన్ బ్లూ పొడి రుద్ది, 1 సెకను వానకు చూపి, నీలి మచ్చల వ్యాసం కొలవండి. మచ్చకూ చినుకుకూ పట్టిక మళ్లీ సిరంజితోనే.

#9 ఒంగోలు_గిత్త

రాడార్ మాట. శ్రీహరికోట ఎస్ బ్యాండ్ (సుమారు 10 సెం.మీ. తరంగాల) రాడార్ బొమ్మలో ఒంగోలు మీద రంగు చూసి నమ్మొచ్చా? సూత్రం మారిస్తే వాన ఎంత మారుతుంది?

#10 లెక్కల_మాస్టారు (కందుకూరు)

శ్రీహరికోట నుంచి నెల్లూరు సుమారు 85 కి.మీ. అర డిగ్రీ వాలులో కిరణం మధ్య రేఖ అక్కడ 1.2 కి.మీ. ఎత్తున పోతుంది, పర్లేదు. ఒంగోలు సుమారు 200 కి.మీ. భూమి వంపు కలిపితే కిరణం 4.1 కి.మీ. ఎత్తున, 1 డిగ్రీ వెడల్పుకు మూడున్నర కి.మీ. మందాన ఉంటుంది. అంటే 2.4 నుంచి 5.8 దాకా. సరిగ్గా మంచు కరిగే మట్టం దాని కడుపులో పడింది. కరుగుతున్న తడి మంచు రేకు రాడార్‌కు పెద్ద చినుకులా మెరుస్తుంది. నువ్వు చూసే ఎరుపులో కొంత అదే. ఒంగోలుకు మచిలీపట్నం రాడార్ మేలు, 140 కి.మీ. దగ్గర 2.4 కి.మీ. ఎత్తు. మార్కాపురానికి అది కూడా దూరమే.

సూత్రాల సంగతి: 50 డీబీజెడ్‌కు పైన నేను చెప్పిన సూత్రంలోని 200, 1.6 జంట గంటకు 49 మి.మీ. అంటుంది. ఉరుముల వానలకు వాడే 300, 1.4 జంట 63 అంటుంది. ఉష్ణమండల సముద్రపు వానలకు వాడే 250, 1.2 జంట 147 అంటుంది! ఒకే రంగు, మూడు వానలు.

#11 నింబస్79

ఆ మూడో జంటకు మన దగ్గర చోటు ఉందో లేదో అది ఏ కాలపు వాన అన్నదాన్ని బట్టి ఉంటుంది. తిరుపతి దగ్గర గాదంకిలో ఎన్‌ఏఆర్‌ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) చినుకుమాపకంతో జరిగిన పరిశీలనల్లో తేలింది ఇదే: ఒకే వాన రేటు దగ్గర నైరుతి కాలపు చినుకులు పెద్దవి, ఈశాన్య కాలపువి చిన్నవి, సంఖ్య ఎక్కువ. నైరుతిలో పగటి వేడికి నేల మీద లేచే మబ్బులు, బలంగా పైకెగసే గాలి, కింద ఎండిన గాలి. అక్టోబరు, నవంబరులో సముద్రం మీంచి వచ్చే మబ్బుకు కింద తడిగాలి, చిన్న చినుకు కూడా బతికి బట్టకడుతుంది. ప్రపంచవ్యాప్తంగా భారీ ఉరుముల వానలను పోల్చినా ఇంతే. నేల తరహాలో సగటు వ్యాసం 2 నుంచి 2.75 మి.మీ., సముద్ర తరహాలో 1.5 నుంచి 1.75.

అందుకే మే నెలలో సరిచేసుకున్న సూత్రాన్ని నవంబరు వాయుగుండానికి వాడితే రాడార్ వానను తక్కువ చేసి చెబుతుంది. నెల్లూరుకు ప్రమాదం ఆ వైపే ఎక్కువ. చూడ్డానికి పసుపు రంగే, చెరువు మాత్రం గంటలో అలుగు పారుతుంది.

#12 ఉదయగిరి_బోడు

మా ఎర్రనేలల్లో విత్తనం వేశాక మే, జూన్ వాన ఒకటి గట్టిగా పడితే పైన పెచ్చు కడుతుంది, మొలక పైకి రాదు. కార్తీకంలో అంతకంటే ఎక్కువ పడినా కట్టదు. చినుకు సైజేనా?

#13 లెక్కల_మాస్టారు (కందుకూరు)

పెద్ద కారణాల్లో అదొకటి. ఒకే నీటిని 1 మి.మీ. చినుకులుగా కాకుండా 5 మి.మీ. చినుకులుగా కురిపిస్తే నేలను కొట్టే శక్తి ఐదింతలు (వేగం 4 నుంచి 9.1కి, దాని వర్గం). చినుకుకు చినుకు పోలిస్తే 650 రెట్లు. మట్టి కణికలు చితికి, సన్న బంకమట్టి రంధ్రాల్లో దిగి, ఎండకు పెచ్చవుతుంది. మే నెలలో వాన వెనకే ఎండ కాయడం కూడా తోడు. చాళ్ల మీద ఎండుగడ్డి పలచగా పరిచినా ఆ దెబ్బ గడ్డి మీదే చస్తుంది.

#14 పెన్నా_గట్టు (నెల్లూరు)

చాలా స్పష్టమైంది. ట్రేలు 12 ఉన్నాయి. ఇప్పటిదాకా ఐదు నిమిషాలకొకటి తెరుస్తున్నాం, అంటే అసలు తేడా ఉన్న మొదటి ఎనిమిది నిమిషాల్లో ఒకటి, మహా అయితే రెండు పడుతున్నాయి. ఎలా పంచమంటారు? ఇంకోటి, మైదా బదులు ఇంకేదైనా పిండి వాడొచ్చా?

#15 కావలి_ల్యాబ్

పిండి మారిస్తే సిరంజి పట్టిక మళ్లీ మొదటి నుంచి. మైదా బ్రాండు మారినా అంతే. ఒక మూట కొని సీజనంతా అదే వాడండి.

పంపకం: మొదటి చినుకు నేలను తాకిన దగ్గర్నుంచి నిమిషానికొకటి చొప్పున ఆరు. దంచుడులో రెండు, 2 సెకన్ల చొప్పున. వాన సద్దుమణిగాక పది నిమిషాల ఎడంతో మూడు. పన్నెండోది తెరవని ట్రే. మూత మీద మార్కర్‌తో ట్రే నంబరు, తెరిచిన సెకను, మూసిన సెకను రాయండి. బకెట్ గడియారం, ఫోన్ గడియారం ముందే కలుపుకోండి. నిమిషం తేడా వచ్చినా మొదటి ఆరు ట్రేలూ వృథా.

#16 దాసు_డిస్‌డ్రో

రాడార్‌తో పోల్చేటప్పుడు ఇంకో సవరణ. కిరణం మీ మీద 1.2 కి.మీ. ఎత్తున చూసిన పెద్ద చినుకు రెండు నిమిషాల పైన దిగుతుంది, 1 మి.మీ.ది ఐదు నిమిషాలకు. ఈలోపు గాలి వాటిని పక్క ఊరికి తీసుకెళ్తుంది. రాడార్ బొమ్మలో మేడ మీది గడిని ఒక్కదాన్నే పట్టుకోకండి, గాలి వచ్చే వైపున్న రెండు మూడు గడులు కూడా చూడండి. ఉరుము వినపడ్డాక మాత్రం మేడ మీద ఎవరూ ఉండొద్దు. మూతకు తాడు కట్టి మెట్ల గదిలోంచి లాగే ఏర్పాటు చేసుకోండి.

#17 పెన్నా_గట్టు (నెల్లూరు)

తాడు మొన్ననే కట్టాం సార్, లాగితే మూతతోపాటు ట్రే కూడా వస్తోంది. అడుగున ఇటుక బిగిస్తున్నాం.